నున్నటి రాయి మీద నేర్చిన గంతు

2023 నవంబరులో మదనపల్లెలోని ఒక కాలేజీ మైదానంలో స్కూలు బాలికల బేస్‌బాల్ సెలెక్షన్స్ జరిగాయి. కాగితాల మీద జిల్లాలు విడిపోయినా మా ఆటలు మాత్రం ఇంకా ఉమ్మడి కాపురమే చేస్తున్నాయి. అందువల్ల అటు కుప్పం నుంచి ఇటు మదనపల్లె దాకా ఉన్న స్కూళ్లన్నీ ఒకే జట్టులో చోటు కోసం పోటీ పడతాయి. నేను పుంగనూరు దగ్గర ఒక ప్రభుత్వ హైస్కూల్లో పీఈటీని, అంటే వ్యాయామం టీచర్ని. పోటీల రోజుల్లో అంపైర్‌ని. నా పేరు రెడ్డెమ్మ. పిల్లలు వెనకాల పెట్టుకున్న పేరు అవుటమ్మ. నాకు తెలియదనుకుంటారు గానీ ఆ పేరు పెట్టిన పిల్ల ఎవరో కూడా నాకు తెలుసు. ఇప్పుడు ఆమె కూడా పీఈటీయే. ఆమెకు ఏం పేరు పెట్టారో కనుక్కోవాలి.

ఇరవై రెండేళ్ల సర్వీసులో నేను ఇచ్చిన తీర్పులు లెక్కపెట్టలేను. వాటిలో నిద్ర చెడగొట్టినవి తక్కువే. ఇప్పుడు చెప్పబోయేది నేను సరిగ్గా ఇచ్చిన తీర్పు గురించి. సరిగ్గా ఇచ్చిన తీర్పు మనిషినెందుకు పట్టి పీడిస్తుందో చెప్పాలంటే ముందు ఆట గురించి నాలుగు మాటలు చెప్పాలి.

బేస్‌బాల్ అంటే మా వైపు చాలామంది "అదేం ఆట మేడం, క్రికెట్టుకు తమ్ముడా?" అని అడుగుతారు. అలాగే అనుకోండి. ఇందులో బంతి విసిరే మనిషిని పిచర్ అంటారు. క్రికెట్ బౌలర్‌లా పరుగెత్తుకుంటూ రావడానికి లేదు. మైదానం మధ్యలో నేలలో పాతిన ఒక రబ్బరు పట్టీ ఉంటుంది. దాన్ని పిచర్స్ ప్లేట్ అంటారు. దాని మీద ఒక కాలు ఆనించి, అక్కడి నుంచే ఒంటి బలమంతా తోసి బంతి విసరాలి. ఆ ఆనించిన కాలిని పివట్ ఫుట్ అంటారు. విసిరేటప్పుడు ఆ కాలు నేల మీద ఈడ్చుకుంటూ ముందుకు రావచ్చు. కానీ ఒక గంతు వేసి, ముందుకు వచ్చి, మళ్లీ ఆ కాలు ఊనుకుని రెండోసారి తోసి విసిరితే ఆ బంతి చెల్లదు. ఎందుకంటే అలా గెంతిన పిల్ల ఒక గజం ముందు నుంచి వేస్తోంది. బ్యాటు పట్టుకున్న పిల్లకు బంతిని చూసుకునే సమయం ఆ మేరకు తగ్గిపోతుంది. కంటికి అది చిన్న గంతే. అవతలి పిల్లకు మాత్రం అన్యాయం.

చెల్లని బంతికి శిక్ష ఉంది. బేసుల మీద ఎవరూ లేకపోతే దాన్ని 'బాల్' అని లెక్కపెడతారు. నాలుగు బాల్స్ పడితే బ్యాటర్ ఊరికే మొదటి బేసుకు నడిచి వెళ్లిపోతుంది. బేసు మీద ఎవరైనా ఉంటే దాన్ని 'బాక్' అంటారు. అప్పుడు బేసు మీదున్న పిల్ల ఏ శ్రమా లేకుండా ఒక బేసు ముందుకు వెళ్తుంది.

మైదానంలో అందరూ బంతిని చూస్తారు. అంపైర్ కాలిని చూడాలి. రెప్పపాటులో జరిగేది కాబట్టి కన్ను కూడా ఒక్కోసారి మోసపోతుంది. అందుకని నేను మట్టిని అడుగుతాను. ప్లేటు ముందర మట్టిని ఆటకు ముందే చదును చేయిస్తాను. కాలు ఈడ్చుకుంటూ వస్తే మట్టిలో గీత పడుతుంది. గెంతి ఊనితే గీత తెగిపోయి, ముందర ఒక గుంట పడుతుంది. గీత పడితే చెల్లు, గుంట పడితే చెల్లదు. కొత్త అంపైర్లకు నేను నేర్పే మొదటి పాఠం ఇదే.

ఆ రోజు కుప్పం జట్టుకూ మదనపల్లె జట్టుకూ ఆట. నేను ఫీల్డ్ అంపైర్‌ని, పిచర్ వెనకాల పక్కకు నిలబడతాను. బ్యాటర్ వెనకాల బంతి పట్టే పిల్ల క్యాచర్, ఆమె వెనకాల ఖాదర్ సార్. ఆయనా పీఈటీయే, నాకంటే నాలుగేళ్లు జూనియర్. ఆటకు ముందు కుప్పం జట్టు కోచ్ చలపతి సార్ నా దగ్గరకు వచ్చాడు. కుప్పం అవతల ఒక పల్లె హైస్కూల్లో పని చేస్తాడు. ఏ సామానూ లేని స్కూల్లో తన చేతులతో గ్రౌండు చదును చేసి, ఆడపిల్లల చేత బేస్‌బాల్ ఆడిస్తున్న మనిషి.

"మేడం, మా పిచర్‌ను కొంచెం సూడండి. మునిలక్ష్మి. పదో తరగతి. ఈ జట్టులో పడి రాష్ట్రానికి పోయొస్తే స్పోర్ట్స్ హాస్టల్లో సీటొస్తాది. లేకుంటే వాళ్ల ఊర్నించి కాలేజీకి బస్సు గూడా లేదు, ఇంటికాడ్నే నిలిచిపోతాది. వచ్చే ఏడాదికి వయసు దాటిపోతాది మేడం. ఇదే కడాకు," అన్నాడు.

"బాగా ఆడితే సెలెక్టర్లే చూస్తారు సార్," అన్నాను.

మునిలక్ష్మి ప్లేటు మీదకు వచ్చింది. పొడుగాటి పిల్ల. రెండు జడలూ మడిచి టోపీలోకి తోసుకుంది. చెయ్యి వెనక్కి తీసి, ఒంటిని విల్లులా వంచి, బంతి వేసింది. క్యాచర్ గ్లవ్‌లో పడిన చప్పుడుకు సెలెక్టర్లు ముగ్గురూ కాగితాల మీంచి తలలెత్తారు.

నేను మట్టి వైపు చూశాను. గుంట.

ఆ గంతును నేను ఇంతకు ముందెక్కడో చూశాననిపించింది. ఎక్కడో ఆ క్షణంలో గుర్తు రాలేదు. చెయ్యెత్తాను. "ఇల్లీగల్ పిచ్!"

ఆ పిల్ల నా వైపు తిరిగి చూసింది. ఎవరినో అన్నాననుకున్నట్టుంది. రెండో బంతి వేసింది. మళ్లీ గుంట. మళ్లీ చెయ్యెత్తాను. ఈసారి చలపతి సార్ గబగబా మైదానంలోకి వచ్చాడు.

"ఏమి మేడం ఇది? రెండేండ్లుగా ఇట్లనే ఏస్తాండాది. ఇంతమంది అంపైర్లు సూసినారు. ఒక్కరూ అనలే."

"మట్టిని చూడండి సార్."

చూశాడు. ఆయన ఆట తెలియని మనిషి కాదు. మొహం పాలిపోయింది. గొంతు తగ్గించాడు. "ఈ ఒక్క పొద్దు సూడనట్టు ఇడిసిపెట్టండి మేడం. బిడ్డ జీవితం."

"అవతల బ్యాటు పట్టుకున్నదీ బిడ్డే సార్."

 మూడో బంతీ చెల్లలేదు. నాలుగో బంతికి పాపం కాలు నేలకే అంటిపెట్టి వేయబోయింది. అలవాటు లేని విసురు కదా, బంతి క్యాచర్‌కు బారెడు ముందే నేలను కొట్టుకుంది. గురి తప్పిన బంతిని కూడా బాల్ అనే లెక్కపెడతారు. నాలుగు బాల్స్. మదనపల్లె పిల్ల నడుచుకుంటూ మొదటి బేసుకు పోయింది. ఇక భయంతో మునిలక్ష్మి తనకు తెలిసిన దారికే తిరిగి వచ్చింది. గంతు, బాక్. గంతు, బాక్. గంతు, బాక్. మొదటి బేసు మీది పిల్ల రెండుకు, మూడుకు, చివరికి బయల్దేరిన హోమ్ బేసుకు చేరింది. ఏడు బంతులు పడ్డాయి. బ్యాటు ఒక్కదానికీ తగల్లేదు. పరుగు మాత్రం వచ్చింది.

చుట్టూ ఉన్నది మదనపల్లె జనం. నేను చెయ్యెత్తినప్పుడల్లా ఈలలు, చప్పట్లు. కుప్పం వాళ్ల బెంచీ వైపు నుంచి ఎవరో గట్టిగానే అన్నారు: "మదనపల్లె కోడలు గదప్పా, ఆ పక్కే సెప్తాది." నిజమే, మా అత్తగారిల్లు మదనపల్లెలోనే. ఆ మాటకు నాకు కోపం రాలేదు గానీ ఆ చప్పట్లకు మాత్రం ఒళ్లు మండింది. నా తీర్పు ఒక పిల్లను ఏడిపిస్తుంటే చప్పట్లు కొట్టేవాళ్ల పక్కన నిలబడటం ఎంత కష్టమో ఆ రోజే తెలిసింది.

అప్పుడు మునిలక్ష్మి బంతి చేత్తో పట్టుకుని నా దగ్గరకు వచ్చింది. ఏడవడం లేదు. నా కళ్లలోకి చూస్తోంది.

"మేడం, ఒక మాట అడగొచ్చునా?"

"అడుగమ్మా."

"రెండేండ్ల కింద పుంగనూరులో మా ఆటకు మీరే గదా అంపైరు. అప్పుడు గూడా నేను ఇట్లనే ఏసినా. మీరు నా కాలు సూస్తానే ఉండ్రి. ఏమీ అనలే. అప్పుడు తప్పు కానిది ఇప్పుడెట్ల తప్పయింది మేడం?"

గుర్తొచ్చింది. అంతా గుర్తొచ్చింది.

పుంగనూరులో డివిజన్ పోటీలు. కుప్పం అవతలి నుంచి మొదటిసారి వచ్చిన జట్టు, ఎనిమిదో తరగతి పిల్లలు. పద్నాలుగు పరుగులు వెనకబడి ఉన్నారు. చివర్లో ఒక బక్కపలచని పిల్ల పిచింగ్‌కు వచ్చింది. గెంతింది. నేను చూశాను. చెయ్యి సగం లేచింది కూడా. ఓడిపోతున్న కొత్త పిల్లలు, ఇప్పుడు ఇది కూడా ఎందుకులే, పోనీలే అనుకుని చెయ్యి దించేశాను. ఆట అయ్యాక చలపతి సార్‌కు చెబుదామనుకున్నాను. ఆయన టీ తెప్పించాడు. పలమనేరు బస్సు గురించి, వానల గురించి మాట్లాడుకున్నాం. బస్సు వచ్చింది, వాళ్లు ఎక్కారు. నేను చెప్పాల్సింది చెప్పనే లేదు. అవుటమ్మ అని పేరు పెట్టించుకున్న మనిషికి ఆ రోజు దయ పుట్టింది. ఆ దయే రెండేళ్ల పాటు ఆ పిల్ల కాలికి అలవాటై కూర్చుంది.

"అప్పుడు గూడా తప్పేనమ్మా. ఆ పొద్దు సెప్పకపోయింది నేను," అన్నాను.

"మీ తప్పుకు నాకు యాల శిక్ష మేడం?"

  ఆ పిల్ల బంతిని తెచ్చి ప్లేటు మీద పెట్టి, వెనక్కి ఫీల్డింగ్‌కు వెళ్లిపోయింది. ఇంకో పిల్ల పిచింగ్‌కు వచ్చింది. నేను నా చోటికి పోయి నిలబడ్డాను. ఆ తర్వాత ప్రతి బంతికీ ప్రతి కాలినీ చూశాను. మదనపల్లె పిచర్‌ది కూడా ఒక బంతికి కాలు లేస్తే దానికీ చెయ్యెత్తాను. అప్పుడు చప్పట్లు రాలేదు. మధ్యలో మునిలక్ష్మి మైదానం చివర్నుంచి విసిరిన బంతి నేరుగా క్యాచర్ చేతిలో పడి ఒక పిల్ల అవుటైంది. చెయ్యి చెయ్యే. తప్పంతా కాలిది. కుప్పం జట్టు ఓడిపోయింది.

ఆట అయ్యాక అంపైర్లు సెలెక్టర్లకు రిపోర్టు రాసి ఇవ్వాలి. నేను మునిలక్ష్మి గురించి రాశాను: బంతి వేగం ఈ జిల్లాలో నేను చూసిన వాటిలో మేలైనది, వేసే తీరు చెల్లదు, దిద్దుకోగల తప్పే. ఆ కింద ఇంకో రెండు వాక్యాలు రాశాను. ఇదే తప్పును రెండేళ్ల క్రితం పుంగనూరు పోటీల్లో అంపైర్‌గా నేను చూసీ చూడనట్టు వదిలేశాను, పిల్లకు గానీ కోచ్‌కు గానీ చెప్పలేదు అని.

పక్కన కూర్చున్న ఖాదర్ సార్ అది చదివి నా చెయ్యి పట్టుకున్నాడు. "ఏంది మేడం ఇది? ఎవురన్నా అడిగిరా మిమ్మల్ని? కడుపు చించుకుంటే కాళ్ల మీద పడతాది. కొట్టేయండి."

"నేనొక్కదాన్నే కాదు సార్. రెండేళ్లలో ఎంతమంది చూసి ఉంటారు! తిలా పాపం తలా పిడికెడు. నా పిడికెడు నేను రాస్తున్నా," అని సంతకం పెట్టాను.

కాళ్ల మీద పడింది కూడా. ఆ ఏడాది రాష్ట్ర పోటీల అంపైర్ల జాబితాలో నా పేరు రాలేదు. పడితే పడింది.

కానీ ఆ రిపోర్టు చదివిన సెలెక్టర్లు ఒక పని చేశారు. తుది జట్టు ఎంపిక కోసం పదిహేను రోజుల తర్వాత పుంగనూరులో క్యాంపు ఉంది. దానికి పిలిచే పిల్లల జాబితాలో అన్నిటికంటే కింద మునిలక్ష్మి పేరు రాశారు. క్యాంపులో పన్నెండు బంతులు వేయాలి. తీరు సరిగ్గా ఉంటే చూస్తాం, లేకపోతే లేదు అన్నారు.

పదిహేను రోజులు. ఆ ఆదివారమే పొద్దున్నే బస్సెక్కాను. పుంగనూరు నుంచి పలమనేరు, అక్కడి నుంచి వి.కోట మీదుగా కుప్పం, కుప్పం నుంచి చలపతి సార్ పల్లెకు ఆటో. చలపతి సార్ నన్ను చూసి, లోపలికి రమ్మనాలో పొమ్మనాలో తెలియనట్టు నిలబడిపోయాడు.

"మీ మీద కోపం లేదంటే అబద్ధం మేడం," అన్నాడు.

"ఉండనీండి సార్. ముందు మీ గ్రౌండ్ చూపించండి."

స్కూలు వెనకాల గ్రౌండు. గట్టి ఎర్రనేల. సాధనకు వచ్చిన మునిలక్ష్మి, ఆమె నాన్న మునెప్ప అప్పటికే అక్కడున్నారు. మునెప్ప గ్రానైట్ ఫ్యాక్టరీలో పాలిషింగ్ పని చేస్తాడు. కుప్పం వైపు అది చాలా ఇళ్లకు కూడు పెట్టే పని. నాకు దణ్ణం పెట్టాడు.

పిచర్స్ ప్లేట్ ఎక్కడా అని చూశాను. రబ్బరు పట్టీ కొనే స్తోమత మా స్కూళ్లలో ఎవరికీ ఉండదు. ఒకరు చెక్క పాతుతారు, ఒకరు పాత టైరు ముక్క మేకులతో కొడతారు, ఇంకొకరు సున్నంతో గీసి ఊరుకుంటారు. ఇక్కడ నల్లటి గ్రానైట్ రాయి పాతి ఉంది. సరిగ్గా కొలత ప్రకారం కోసిన రాయి. అంచులు గుండ్రంగా అరగదీసి ఉన్నాయి. పైన దుమ్ము తుడిస్తే నా మొహం కనిపించింది. అంత నున్నన.

"బాగుందే," అని దాని మీద కాలు పెట్టి, పిచర్‌లాగా ముందుకు తోశాను. సర్రున జారింది. చలపతి సార్ జబ్బ పట్టుకోకపోయుంటే ఈ వయసులో నడుము విరిగేది. పిల్ల నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. నవ్వు ఆపుకోవడానికేనని నాకు తెలుసు. ఆ పిల్ల నవ్వడం నేను అదే మొదటిసారి చూడటం.

నాకు నవ్వు రాలేదు. విషయం అర్థమైపోయింది.

"అమ్మా, దీని మీద నుంచి తోస్తే జారుతోంది కదా? నువ్వేం చేసేదానివి?"

"జారతాది మేడం. రెండుమూడు తూర్లు పడినా. అందుకే రాయి మీంచి ముందుకు దుమికి, మన్ను మీద కాలు పెట్టి ఏస్తా. ఆడైతే జారదు."

చలపతి సార్ రాయి వైపు, పిల్ల వైపు, మళ్లీ రాయి వైపు చూశాడు. రెండేళ్లు రోజూ ఆ రాయి పక్కనే నిలబడి బంతి ఎక్కడ పడుతోందో చూశాడు. కాలి కింద ఏముందో చూడలేదు. దొంగ విసురు నేర్పింది ఆయన కాదు, నేర్చింది ఆ పిల్ల కాదు. పడిపోకుండా ఉండటానికి చిన్న పిల్ల వెతుక్కున్న దారి అది. నియమాల పుస్తకంలో అది ఇల్లీగల్ పిచ్. ఆ గ్రౌండులో అది బుద్ధి.

 మునెప్ప చిన్నగా అన్నాడు: "ఆ రాయి నేనే సేసి ఇచ్చినా మేడం. ఫ్యాక్టరీలో మిగిలిన రాతి తుంట్లు పారేస్తే అడుక్కొని తెచ్చినా. పిల్లోళ్ల కాళ్లకు గీసుకోకూడదని అంచు గూడా తీసినా. రెండు ఆదివారాలు కూసోని పాలిష్ పట్టినా. బాగుండాలని గదా మేడం."

"తెలుసప్పా. ఇంత మంచి ప్లేటు మన జిల్లాలో ఏ స్కూల్లోనూ లేదు. కొంచెం ఎక్కువ బాగుంది, అంతే."

ఆయన పోయి గడ్డపార తెచ్చాడు. చలపతి సార్ కూడా చెయ్యి వేశాడు. రాయిని పెకలించి తిరగేశారు. అడుగు వైపు రంపం గీతలతో గరుకుగా ఉంది. మునెప్ప దాని మీద కూర్చుని ఉలీ సుత్తీ తీసుకుని ఇంకా గాట్లు పెట్టసాగాడు. నిప్పురవ్వలు లేస్తున్నాయి.

"ఇరవై ఏండ్లుగా గరుకు తీసేదే నా పని మేడం. గరుకు పెట్టేది ఈ పొద్దే," అన్నాడు తలెత్తకుండానే. ఆయన కళ్లు తుడుచుకున్నాడో, రాతి పొడి తుడుచుకున్నాడో నేను చూడలేదు. అన్నీ చూడటం అంపైర్ పని కాదు.

రాయి తిరగేయడం గంట పని. కాలును తిరగేయడం అంత సులువు కాదు. చలపతి సార్ "మొక్కై వంగనిది మానై వంగునా అంటారు, పదిహేను దినాల్లో అయితాదా మేడం?" అన్నాడు. పదో తరగతి పిల్ల ఇంకా మొక్కేనని చెప్పాను. చేయాల్సిన పని కూడా చెప్పాను. ప్లేటు ముందర మట్టి జల్లెడ పట్టి పరచాలి. కాసిని నీళ్లు చల్లాలి. బంతి ఎక్కడ పడిందో వారం పాటు ఎవరూ చూడొద్దు. పిల్ల కూడా చూడొద్దు. ప్రతి బంతికీ వెనక్కి తిరిగి మట్టిని చూసుకోవాలి. గీతా, గుంటా? గుంటైతే మట్టి చదును చేసి మళ్లీ వెయ్యాలి.

మునిలక్ష్మి ఆ పూటే మొదలుపెట్టింది. మొదటి ఇరవై బంతుల్లో పంతొమ్మిది గుంటలు. ఇరవయ్యో దానికి జానెడు గీత పడింది. బంతి మాత్రం ఎక్కడో కంపచెట్లలో పడింది. "పోనీ మేడం, బంతి దొరుకుతాది," అని మళ్లీ ప్లేటు మీదకు పోయి నిలబడింది. ఆ పిల్ల మొండితనం చూశాక నాకు తిరుగు బస్సులో కూర్చునే ధైర్యం వచ్చింది.

అప్పటి నుంచి రోజూ పొద్దున బడి గంట కొట్టే ముందే చలపతి సార్ నుంచి వాట్సాప్‌లో ఫోటోలు వచ్చేవి. మనిషి లేదు, బంతి లేదు, ఉత్త మట్టి. మా అమ్మాయి నా ఫోను చూసి "ఏందిమా, నీకు దినామూ ఎవురు మన్ను పంపిస్తాండేది?" అని నవ్వింది. నేను కళ్లద్దాలు పెట్టుకుని ఆ మన్నునే చదివేదాన్ని. మొదట్లో అన్నీ గుంటలు. నాలుగో రోజుకు తెగిన గీతలు. పదో రోజుకు ఒకదాని మీద ఒకటి పడి చాలులాగా లోతైన గీత. దాని కింద సార్ రాశాడు: "నూటికి తొంభై మేడం."

క్యాంపు రోజు వచ్చింది. పుంగనూరులో అదే మైదానం. అంపైరింగ్ చేయమని నన్నే అడిగారు. నేను ఒప్పుకోలేదు. నేర్పినదానికి నేనే తీర్పు చెబితే అది తీర్పు కాదు. ఖాదర్ సార్‌ను నిలబెట్టి, నేను పోయి ప్రహరీ గోడ దగ్గర నిలబడ్డాను. మునెప్ప కూడా సెలవు పెట్టి వచ్చాడు. నాకు రెండు బారల దూరంలో, చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

పన్నెండు బంతులు. మొదటి దానికి కాలు ఈడ్చుకుంటూ వచ్చింది. రెండు, మూడు, నాలుగు, అన్నీ అలాగే. వేగం కొంచెం తగ్గింది గానీ గురి తగ్గలేదు. పదకొండు దాకా ఒక్క తప్పు లేదు. పన్నెండోది గట్టిగా వేయాలనుకుందేమో, ఒంటినంతా విరుచుకుని వేసింది. ఆ రోజంతా పడిన బంతుల్లో అదే వేగమైనది. క్యాచర్ రెండడుగులు వెనక్కి పోయింది. ఖాదర్ సార్ కళ్లు బంతి మీద ఉన్నాయి. "స్ట్రైక్!" అని, అంటే గురికి పడిందని అరిచి, సెలెక్టర్ల వైపు తిరిగి "పన్నెండూ క్లీన్," అన్నాడు. సెలెక్టర్ కాగితం మీద పెన్ను పెట్టాడు.

నేను గోడ దగ్గర్నుంచి చూశాను. కాలు లేచింది.

ఒక్క అరక్షణం. రెండేళ్ల కింద ఇదే మైదానంలో చెయ్యి సగం లేపి దించిన మనిషిని నేను. ఇప్పుడు నేను అంపైర్‌ని కూడా కాదు, నోరు మూసుకున్నా ఎవరూ తప్పు పట్టరు. పక్కన తండ్రి ఉన్నాడు. అయినా ఒక అడుగు ముందుకు వేశాను.

నాకంటే ముందే మునిలక్ష్మి చెయ్యెత్తింది.

"సార్, కడాన ఏసింది సెల్లదు. కాలు లేసింది. సూడండి, గుంట పడింది."

ఖాదర్ సార్ వచ్చి వంగి చూశాడు. పదకొండు గీతలు కలిసిన చాలు, దానికి అవతల కొత్తగా పడిన ఒక గుంట. ఆయన తలెత్తి ముందు ఆ పిల్లను, తర్వాత దూరంగా ఉన్న నన్ను చూశాడు. సెలెక్టర్లు పక్కకు పోయి చాలాసేపు మాట్లాడుకున్నారు. సాయంత్రం జాబితా చదివినప్పుడు రెండో పిచర్‌గా మునిలక్ష్మి పేరుంది. మునెప్ప గోడకు ఆనుకుని కూర్చుండిపోయాడు. నాకు మాత్రం ఏడుపొచ్చింది, దాచుకోలేదు.

ఆ పిల్ల నా దగ్గరకు వచ్చింది. దణ్ణాలూ థాంక్సులూ ఏమీ లేవు.

"ఆ పొద్దు ఈడ మీరు సెప్పలే మేడం," అంది. "ఈ పొద్దు నేనే సెప్పినా."

"అవునమ్మా," అన్నాను. 

ఇప్పుడు మునిలక్ష్మి స్పోర్ట్స్ హాస్టల్లో ఉంది. నన్ను మరుసటి ఏడాది మళ్లీ అంపైర్ల జాబితాలోకి తీసుకున్నారు. తీర్పులో దయ చూపిస్తే అది దయ కాదు, వాయిదా వేసిన శిక్ష అని నాకు ఈ సంగతి నేర్పింది. దయ చూపించాలంటే ఆట అయ్యాక వాళ్ల ఊరికి పోయే బస్సెక్కాలి. ఇప్పుడు ఏ మండలం పోటీకి పోయినా కొత్త జట్టు కోచ్‌ను మీ గ్రౌండులో ప్లేటు దేంతో చేశారని ముందే అడుగుతాను. ఆటలో తప్పు కనిపిస్తే చెయ్యి సగంలో ఆపను. కోచ్‌లు ఇప్పటికీ పరుగెత్తుకొస్తారు, "పోనీలెండి మేడం, చిన్న పిల్లోళ్లు" అంటారు.

"చిన్న పిల్లోళ్లు కాబట్టే సార్, మొదటి బంతికే చెబుతున్నాను," అంటాను.